మొదటి ఎర్రర్ ఎక్కడుంది? శాస్త్రీయ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్‌పై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది పరిశోధనలోకి కొత్తగా వచ్చినవాళ్లు. చేతిలో డేటా ఉంది. దాంతో ఏ లెక్క చేయాలో తెలుసు. ఆ లెక్క చేసే సాఫ్ట్‌వేర్ పేరు కూడా తెలుసు. కానీ అది మెషీన్‌లోకి ఎక్కదు. ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టగానే తెర నిండా అక్షరాలు పరుగెడతాయి, చివర్లో ఫెయిలైందని ఒక్క ముక్క మిగులుతుంది. అక్కడ టెన్షన్ మొదలవుతుంది. ఎక్కడ ఏ కమాండ్ కనబడితే దాన్ని తెచ్చి అంటిస్తారు. సాయంత్రానికి మెషీన్ పొద్దున ఉన్నదానికంటే అధ్వాన్నంగా తయారవుతుంది. “ఇది నావల్ల కాదు” అనుకుని వెనక్కి తగ్గిన తెలివైన విద్యార్థులను నేను చూశాను. సబ్జెక్టులో వాళ్లకు ఏ లోటూ లేదు. ఎర్రర్‌ని ఎలా చదవాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఈరోజు ఆ పని చేద్దాం.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇన్‌స్టలేషన్ ఫెయిలైందంటే ఎక్కడో ఇద్దరి మధ్య పొత్తు కుదరలేదని అర్థం. ఒక లైబ్రరీ ఒకటి ఆశించింది, మెషీన్‌లో దానికి ఇంకొకటి దొరికింది. ఆ ఇద్దరూ ఎవరు, ఏ దశలో ఎదురుపడ్డారు అన్నది తేలితే మందు దానంతటదే కనిపిస్తుంది. అది తేలకముందు కొట్టే కమాండ్ ఏదైనా గుడ్డి ప్రయత్నమే. పైగా అది ఆధారాలను చెరిపేస్తుంది.

అసలు శాస్త్రీయ సాఫ్ట్‌వేర్‌కే ఈ బాధ ఎందుకు ఎక్కువ? పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే నమ్‌పై లైబ్రరీని ఇంపోర్ట్ చేయడానికి ఒక లైను రాస్తాం. ఆ లైను కింద ఎన్ని పొరలున్నాయో చూడండి. పైన పైథాన్, దాని అడుగున సీ భాషలో రాసిన కోడ్. మాత్రికలను గుణించాల్సి వస్తే ఆ సీ కోడ్ బ్లాస్ అనే లైబ్రరీని పిలుస్తుంది. బ్లాస్ మొదటి రూపం 1979లో వచ్చింది. దానిమీద నిలబడిన లాపాక్ 1992లో వచ్చింది, దాన్ని రాసింది ఫోర్ట్రాన్‌లో. మీ మెషీన్‌లో బ్లాస్ స్థానంలో ఓపెన్‌బ్లాస్ ఉండొచ్చు, ఇంటెల్ వాళ్ల ఎమ్‌కేఎల్ ఉండొచ్చు, మ్యాక్ అయితే యాపిల్ వాళ్ల యాక్సెలరేట్ ఉండొచ్చు. ఫోర్ట్రాన్ కోడ్ నడవాలంటే ఫోర్ట్రాన్ రన్‌టైమ్ లైబ్రరీ కావాలి. దాని కింద సీ లైబ్రరీ, ఆ కింద ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్, అట్టడుగున ప్రాసెసర్. ఒక్కో పొరను ఒక్కో బృందం, వేర్వేరు దశాబ్దాల్లో, వేర్వేరు కంపైలర్లతో తయారుచేసింది. అందుకే ఇక్కడ తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

ఇక పనిలోకి దిగుదాం. ఏ ఎర్రర్ వచ్చినా నేను ముందు అడిగే ప్రశ్న చాలా చిన్నది: మీరు ఏ పైథాన్‌తో మాట్లాడుతున్నారు? ఒక మెషీన్‌లో మూడు నాలుగు పైథాన్‌లు ఉండటం మామూలే. ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది ఒకటి, కొండా అనే ప్యాకేజీ మేనేజర్‌తో వచ్చింది ఒకటి, ఎడిటర్ తనంతట తాను పెట్టుకున్నది మరొకటి. పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ ఒకదాంట్లో ప్యాకేజీ పెడుతుంది, మీ ప్రోగ్రామ్ ఇంకోదాంట్లో వెతుకుతుంది. “ఇన్‌స్టాల్ అయింది అంటోంది, ఇంపోర్ట్ మాత్రం కావడం లేదు” అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే. కాబట్టి పిప్‌ని ఒంటరిగా పిలవకండి. పైథాన్, ఆ పక్కన హైఫన్ ఎమ్, ఆ పక్కన పిప్ అని పిలవండి. అప్పుడు ఏ పైథాన్‌ని పిలిచారో దాని పిప్పే పనిచేస్తుంది. పైథాన్ లోపలికి వెళ్లి సిస్ మాడ్యూల్‌లోని ఎగ్జిక్యూటబుల్ విలువను ముద్రించి చూడండి, నడుస్తున్నది ఎక్కడి పైథానో పూర్తి దారితో చెబుతుంది. జూపిటర్ నోట్‌బుక్ వాడేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. టెర్మినల్‌లో మీరు యాక్టివేట్ చేసిన ఎన్విరాన్‌మెంట్ (అంటే విడిగా కట్టుకున్న పైథాన్, దాని ప్యాకేజీలు) వేరు, నోట్‌బుక్ వెనక నడిచే పైథాన్ ప్రాసెస్ వేరు కావొచ్చు, దాన్నీ కెర్నల్ అనే అంటారు. ఆ ముద్రణను నోట్‌బుక్ సెల్‌లోనే చేయాలి.

ఇంపోర్ట్ అయిన లైబ్రరీ ఏ ఫైలు నుంచి వచ్చిందో కూడా చూడండి. ఫైలు నుంచి వచ్చిన ప్రతి మాడ్యూల్‌కీ ఫైల్ అనే గుణం ఉంటుంది, పేరుకు ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్‌లతో. దాన్ని ముద్రిస్తే, మీరు ఎన్విరాన్‌మెంట్‌లో ఉందనుకుంటున్న లైబ్రరీ నిజానికి హోమ్ డైరెక్టరీలోని డాట్ లోకల్ అనే పాత ఫోల్డర్ నుంచి వస్తున్నట్టు తేలవచ్చు. ఎప్పుడో యూజర్ ఆప్షన్‌తో పెట్టిన ప్యాకేజీ అక్కడే ఉండిపోయి అదే పైథాన్ వెర్షన్ ఉన్న కొండా ఎన్విరాన్‌మెంట్లలోకి తల దూరుస్తుంది. లేదంటే మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో మీరే రాసుకున్న ర్యాండమ్ డాట్ పీవై అనే ఫైలు అసలు మాడ్యూల్‌ని కప్పేసి ఉండొచ్చు. ఇలాంటివి ఎర్రర్ మెసేజ్‌లో నేరుగా కనబడవు. ఫైలు దారి చూస్తే క్షణంలో తేలిపోతాయి.

ఇప్పుడు ఎర్రర్ చదవడం గురించి. మన కళ్లు సహజంగా చివరి లైను మీదికి పోతాయి. కంపైల్ జరిగేటప్పుడు చివరి లైనులో దాదాపు ఎప్పుడూ విషయం ఉండదు. “సబ్‌ప్రాసెస్ ఫెయిలైంది”, “వీల్ తయారుకాలేదు”, “మేక్ ఎర్రర్ 2” అంటుంది. అంటే కింద ఎవరో ఫెయిలయ్యారు, ఆ వార్త పైకి మోసుకొచ్చానని చెప్పడం. అసలు కారణం వందల లైన్ల పైన ఉంటుంది. మొదట విరిగింది ఏదో పట్టుకోవాలి. అందుకని మొత్తం అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌లోకి పంపండి, ఆ ఫైల్‌లో ఎర్రర్ అనే మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో వెతకండి. కంపైల్ పనులను వరుసగా నడిపించే మేక్‌ని ఎనిమిది పనులు ఒకేసారి జరిగేలా నడిపితే ఎనిమిది కంపైల్‌ల మాటలు కలగాపులగమై, ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఫెయిలయ్యాక ఒకే పనిగా మళ్లీ నడపండి. నిదానంగా పోతుంది, అయినా సరిగ్గా తప్పు జరిగిన చోటే ఆగుతుంది.

కాన్ఫిగర్ స్క్రిప్ట్ వాడే పాత ప్యాకేజీల్లో ఇది ఇంకా ముఖ్యం. తెరమీద “సీ కంపైలర్ పనిచేయడం లేదు” అని వస్తుంది. మీరు కంపైలర్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అదే మాట మళ్లీ వస్తుంది. అసలు సంగతి కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైల్‌లో ఉంటుంది. కాన్ఫిగర్ ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, కంపైల్ చేసి, నడిపి చూస్తుంది. ఆ ప్రోగ్రామ్, వాడిన కమాండ్, వచ్చిన జవాబు అన్నీ ఆ లాగ్‌లో ఉంటాయి. తెరిచి చూస్తే కంపైలర్ భేషుగ్గానే ఉందని, మీ వేరియబుల్స్‌లో ఉన్న ఏదో పాత ఫ్లాగ్ దానికి అర్థం కాలేదని కనబడొచ్చు.

సీమేక్ అనే బిల్డ్ పనిముట్టు వాడే ప్యాకేజీలకు ఇంకో తిరకాసు ఉంది. మొదటిసారి నడిపినప్పుడు దొరికిన దారులన్నింటినీ సీమేక్‌క్యాష్ అనే ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది. మీరు తర్వాత లైబ్రరీని సరిచేసినా, అది పాత దారినే నమ్ముతుంది. “అన్నీ సరిచేశాను, అయినా అదే ఎర్రర్” అంటే బిల్డ్ డైరెక్టరీ మొత్తం తీసేసి కొత్తగా మొదలుపెట్టండి.

ఒక మెసేజ్ గురించి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే చదివినవాళ్లను అది తప్పుదారి పట్టిస్తుంది. కంపైల్ మధ్యలో, సీ ప్లస్ ప్లస్ కంపైలర్‌లోని ఒక ప్రోగ్రామ్‌ను ‘కిల్’ చేశారని వస్తుంది. కోడ్‌లో తప్పు ఉందని, కంపైలర్ పాడైందని అనుకుంటారు. నిజానికి మెమరీ అయిపోయింది, ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ ఆ ప్రాసెస్‌ని చంపేసింది. పెద్ద టెంప్లేట్ కోడ్ కంపైల్ చేసేటప్పుడు ఒక్కో ప్రాసెస్‌కే చాలా మెమరీ కావాలి. పదహారు ఒకేసారి నడిపితే మెషీన్ తట్టుకోదు. సమాంతర పనుల సంఖ్య తగ్గిస్తే చాలు. ఇలాంటిదే డిస్క్‌లో చోటు లేదన్న మెసేజ్. హోమ్ డైరెక్టరీలో బోలెడంత చోటు కనిపిస్తుంటుంది, కానీ పిప్ ప్యాకేజీని కట్టేది టెంప్ డైరెక్టరీలో, నిండింది అది. టెంప్ దారి చెప్పే వేరియబుల్‌ని పెద్ద డిస్క్ వైపు తిప్పితే పని జరిగిపోతుంది.

సరే, దశల విషయానికి వద్దాం. మొదట పిప్ గానీ కొండా గానీ ఏ వెర్షన్లు కలిసి ఉండగలవో తేల్చుకోవాలి. ఈ దశ గురించి ఎక్కువ మాట్లాడను. ఇది ఎన్‌పీ కంప్లీట్ వర్గానికి చెందిన సమస్య, అంటే ఎప్పుడూ వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియదు, ప్యాకేజీలు పెరిగేకొద్దీ వెతుకులాట పెరుగుతుంది. పిప్‌కి 2020 చివర్లో వచ్చిన 20.3 వెర్షన్‌తో వెర్షన్లను కుదిర్చే కొత్త రిజాల్వర్ వచ్చింది. కొండా 2023లో, 23.10 వెర్షన్ నుంచి లిబ్‌మాంబా అనే రిజాల్వర్‌ను వాడుతోంది, పాతదానికంటే చాలా వేగంగా తేలుస్తుంది. మీ కొండా గంటల తరబడి తిరుగుతుంటే ముందు కొండానే అప్‌డేట్ చేయండి. ఈ దశలో మనం చేయగలిగిన మంచి పని ఏమిటంటే, ఉన్న ఎన్విరాన్‌మెంట్‌లో కొత్త ప్యాకేజీని ఇరికించకుండా, కావాల్సినవన్నీ ఒకే కమాండ్‌లో చెప్పి కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టుకోవడం.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. వెర్షన్ తేలాక పిప్ ఒక ఫైల్‌ని దించుకుంటుంది. అది వీల్ ఫైలా, లేక టార్ డాట్ జీజెడ్ ఫైలా? దయచేసి ఈ ఒక్కటి చూడటం అలవాటు చేసుకోండి. వీల్ అంటే ఇంకెవరో ముందే కంపైల్ చేసి పెట్టింది. విప్పి పెట్టుకోవడమే తరువాయి. టార్ ఫైలు వచ్చిందంటే అది సోర్స్ కోడ్, దాన్ని మీ మెషీన్‌లో కంపైల్ చేయబోతున్నారన్నమాట. పక్కవాళ్లకు అరనిమిషంలో ఎక్కిన ప్యాకేజీ మీకు గంటసేపు తిరిగి ఫెయిలైందంటే, చాలామటుకు తేడా ఇక్కడే ఉంది. మీకు సరిపోయే వీల్ దొరకలేదు.

ఎందుకు దొరకలేదో వీల్ ఫైలు పేరే చెబుతుంది. (తెరమీద ఒక ఫైలు పేరు చూపిస్తూ) ఇందులో ప్యాకేజీ పేరు, వెర్షన్ తర్వాత సీపీ 312 అని ఉంది చూడండి. ఇది పైథాన్ 3.12 కోసం కట్టింది. ఆ తర్వాత మెనీలినక్స్, 2, 17 అని ఉంది. అంటే సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ కనీసం 2.17 వెర్షన్ ఉండాలి. చివర్లో ప్రాసెసర్ రకం. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా పిప్ ఈ వీల్‌ని పక్కన పెట్టేస్తుంది. కొత్త పైథాన్ విడుదలైన మొదటి వారాల్లో చాలా శాస్త్రీయ ప్యాకేజీలకు ఇంకా వీల్స్ తయారై ఉండవు, అందుకని పరిశోధన పనికి ఒక వెర్షన్ వెనక ఉండటమే క్షేమం. ఆల్పైన్ లినక్స్ మీద కంటైనర్ కట్టుకున్నవాళ్లకు అక్కడ జీలిబ్‌సీ ఉండదు, మజిల్ అనే వేరే సీ లైబ్రరీ ఉంటుంది, కాబట్టి మెనీలినక్స్ వీల్స్ ఏవీ పనికిరావు. పిప్ మరీ పాతదైతే ఈ కొత్త రకం పేర్లే దానికి తెలియవు. ముందు పిప్‌ని అప్‌డేట్ చేయడం ఎన్నో సమస్యలను అక్కడికక్కడే తీరుస్తుంది.

సోర్స్ నుంచి కట్టకుండా, వీల్ ఉంటేనే తీసుకో, లేకపోతే ఆగిపో అని పిప్‌కి చెప్పే ఆప్షన్ ఉంది. దాని పేరు ఓన్లీ బైనరీ. నేను దాన్ని విరివిగా వాడతాను. అప్పుడు మూడు వందల లైన్ల కంపైలర్ గోలకు బదులు, “సరిపోయేది లేదు” అని ఒక్క లైను వస్తుంది. అది నిజమైన సమాచారం.

సోర్స్ నుంచి కట్టక తప్పకపోతే ఎదురయ్యే ఎర్రర్లు కొన్నే, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. పైథాన్ డాట్ హెచ్ ఫైలు లేదంటే, పైథాన్ ఉంది కానీ దాని హెడర్ ఫైళ్లు లేవు. డెబియన్, ఉబుంటులలో పైథాన్3 డెవ్ అనీ, ఫెడోరా కుటుంబంలో పైథాన్3 డెవెల్ అనీ వేరే ప్యాకేజీగా ఉంటాయి. ఏ లైబ్రరీకైనా ఇదే సూత్రం. లైబ్రరీ నడవడానికి ఒక ప్యాకేజీ, దానితో వేరేది కట్టడానికి డెవ్ ప్యాకేజీ. విండోస్‌లో అయితే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14 కావాలంటుంది, బిల్డ్ టూల్స్ పెట్టుకోవాలి. డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్ లేదని వస్తే, ఆ ప్యాకేజీ పాతది, మీ పైథాన్ కొత్తది. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 నుంచి డిస్ట్‌యుటిల్స్‌ని తీసేశారు. ప్యాకేజీ కొత్త వెర్షన్ ఉందేమో చూడండి, లేకపోతే ఆ పనికి పైథాన్ 3.11తో ఎన్విరాన్‌మెంట్ కట్టుకోండి.

ఇప్పుడు అందరూ ఎక్కువ భయపడే దశ. అంతా ఎక్కింది, కానీ ఇంపోర్ట్ చేయగానే కూలింది. నాకు మాత్రం ఈ దశ ఎర్రర్లే ఇష్టం, ఎందుకంటే ఇక్కడ సాక్ష్యాలు స్పష్టంగా దొరుకుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లిబ్ జీఫోర్ట్రాన్ డాట్ ఎస్ఓ డాట్ 3 దొరకలేదంటుంది. ఇది ఫోర్ట్రాన్ రన్‌టైమ్ లైబ్రరీ ఫైలు. ఆ చివరి 3 చాలా విలువైన ఆధారం. జీసీసీ అనే కంపైలర్ 6వ వెర్షన్ వరకు ఫోర్ట్రాన్ రన్‌టైమ్ నంబరు 3. జీసీసీ 7తో అది 4 అయింది. జీసీసీ 8 నుంచి 5. అంటే మీ చేతిలో ఉన్న బైనరీని జీసీసీ 6 గానీ, అంతకంటే పాతది గానీ వాడి కట్టారు. మీ మెషీన్‌లో ఉన్నది 5. ఆ ఇద్దరూ ఎవరో మనకు పేర్లతో సహా తెలిసింది. చాలాచోట్ల ఒక చిట్కా చెబుతారు, 5కి 3 అని పేరు పెట్టి ఒక సింబాలిక్ లింక్ చేయమని. అలా చేయకండి. ఆ నంబరు మారిందంటేనే రెండు లైబ్రరీల మధ్య బైనరీ స్థాయిలో పొత్తు లేదని రాసినవాళ్లు ప్రకటించినట్టు. లింక్ పెడితే ప్రోగ్రామ్ మొదలు కావచ్చు కూడా. తర్వాత ఎప్పుడో మధ్యలో కూలుతుంది, అప్పుడు కారణం వెతకడం ఇప్పటికంటే ఎంతో కష్టం. ఆ బైనరీని మళ్లీ కట్టుకోండి, లేదా కొత్తది తెచ్చుకోండి.

ఏ ఎస్ఓ ఫైలు (అంటే లైబ్రరీ ఫైలు) ఎవరిమీద ఆధారపడిందో లినక్స్‌లో ఎల్‌డీడీ అనే కమాండ్ చెబుతుంది. మ్యాక్‌లో ఓటూల్‌ని పెద్ద ఎల్ ఆప్షన్‌తో పిలవాలి. ఎల్‌డీడీలో దొరకనివాటి పక్కన నాట్ ఫౌండ్ అని ఉంటుంది. దొరికినవాటి దారులు కూడా చదవండి, అసలు దొంగ చాలాసార్లు అక్కడే ఉంటాడు. కొండా ఎన్విరాన్‌మెంట్‌లో పనిచేస్తున్నారు, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ మాత్రం యూఎస్ఆర్ కింద ఉన్న సిస్టమ్ లైబ్రరీ నుంచి వస్తోంది అనుకోండి. జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్ 3.4.29 దొరకలేదనే ప్రసిద్ధ ఎర్రర్ తరచూ ఇలాంటి చోటే పుడుతుంది. ఆ వెర్షన్ జీసీసీ 11తో వచ్చింది. ఎన్విరాన్‌మెంట్‌లో కొత్త లైబ్రరీ ఉన్నా, ఎవరో దారి మళ్లించి పాతదాన్ని ముందుకు తెచ్చారు. ఆ ఎవరో సాధారణంగా ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లైబ్రరీలను ఎక్కించే లోడర్, లైబ్రరీని వెతికేటప్పుడు సిస్టమ్ డైరెక్టరీల కంటే ముందు ఆ వేరియబుల్‌లోని దారులను చూస్తుంది. బైనరీలో రాసి ఉన్న రన్‌పాత్ అనే దారి కంటే కూడా ముందు చూస్తుంది. ఎప్పుడో ఒక సాఫ్ట్‌వేర్ కోసం బ్యాష్ ఆర్‌సీ ఫైల్‌లో పెట్టిన ఒక లైను, ఆ తర్వాత మీరు పెట్టే ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ పీడిస్తుంది. ఆ వేరియబుల్ ఖాళీ చేసి ఒకసారి నడిపి చూడండి. అదీ తేలకపోతే ఎల్‌డీ డీబగ్ అనే వేరియబుల్‌లో లిబ్స్ అని పెట్టి నడిపితే, లోడర్ ఎక్కడెక్కడ వెతికిందో అడుగడుగునా చెబుతుంది.

నమ్‌పై 2.0 వచ్చినప్పుడు జరిగింది కూడా ఈ దశ గొడవే. నమ్‌పై 1.0 వచ్చింది 2006లో, 2.0 వచ్చింది 2024 జూన్‌లో. అంతకాలం తర్వాత సీ స్థాయిలో బైనరీ పొత్తు మార్చారు. నమ్‌పై 1 మీద కంపైల్ చేసిన ప్యాకేజీలు 2 మీద నడవవు. దాన్ని ఎర్రర్‌లోనే స్పష్టంగా రాస్తున్నారు, రాసినవాళ్లకు మనం కృతజ్ఞతతో ఉండాలి. అక్కడ మీకు రెండు దారులున్నాయి. ఆ రెండో ప్యాకేజీకి కొత్త వెర్షన్ తెచ్చుకోవడం, లేదా ఆ ఎన్విరాన్‌మెంట్‌లో నమ్‌పైని 2 కంటే తక్కువకు కట్టేయడం. పాత ఎర్రర్ ఒకటి ఉంది, డీటైప్ సైజు మారిందని, 96 ఆశిస్తే 88 వచ్చిందని. కంగారు పెట్టే ఆ మాటకు కూడా అర్థం ఇంచుమించు అదే. కంపైల్ చేసినప్పటి నమ్‌పై వేరు, ఇప్పుడు నడుస్తున్న నమ్‌పై వేరు.

ఇంతవరకు చెప్పినవన్నీ బయటికి కనబడే తప్పులు. అవి మనల్ని ఆపుతాయి, అంతకుమించి హాని చేయవు. నాకు భయం వేసేది ఏ ఎర్రరూ ఇవ్వకుండా నడిచిపోయే తప్పుల గురించి.

ఒకే లెక్కను చాలా ప్రాసెస్‌లు సందేశాలతో పంచుకోవడానికి వాడే ఎమ్‌పీఐ తీసుకోండి. దానికి ఓపెన్ ఎమ్‌పీఐ, ఎమ్‌పీఐసీహెచ్ అని రెండు ప్రధాన అమలులున్నాయి. ప్రోగ్రామ్‌ని ఒకదాంతో కట్టి, రెండోదాని ఎమ్‌పీఐ రన్‌తో నడిపారనుకోండి. చాలా సందర్భాల్లో ఏ ఎర్రరూ రాదు. ఎనిమిది ప్రాసెస్‌లు అడిగితే ఎనిమిదీ మొదలవుతాయి. కానీ ఒకదానికొకటి తెలియదు. ప్రతి ఒక్కటీ “నేను సున్నా నంబరు, మొత్తం ఉన్నది నేనొక్కడినే” అనుకుంటుంది. ఎనిమిదీ విడివిడిగా మొత్తం లెక్క చేస్తాయి, ఎనిమిదీ ఒకే ఫైల్‌లో ఫలితం రాస్తాయి. పని వేగం పెరగలేదేమిటని మీరు కోడ్‌లో వెతుకుతూ కూర్చుంటారు. అందుకే ఎమ్‌పీఐ ఏది పెట్టినా, ప్రతి ప్రాసెస్ తన ర్యాంకునూ మొత్తం సైజునూ ముద్రించే రెండు లైన్ల ప్రోగ్రామ్‌ని ముందు నడపండి. ఎనిమిదిసార్లు సున్నా వస్తే ఎక్కడ తేడా ఉందో తెలిసిపోయింది. పైథాన్‌లో ఎమ్‌పీఐ4పై వాడేవాళ్లకు లైబ్రరీ వెర్షన్ అడిగే ఫంక్షన్ ఉంది, అది ఏ అమలు లోడైందో పేరుతో సహా చెబుతుంది.

ఇంకొన్ని చోట్ల సాఫ్ట్‌వేర్ అడ్డుపడి హెచ్చరిస్తుంది, మనమే దాని నోరు నొక్కేస్తాం. ఒకే ప్రోగ్రామ్‌ని చాలా కోర్ల మీద నడిపే ఓపెన్‌ఎమ్‌పీకి చెందిన ఇంటెల్ రన్‌టైమ్ రెండు కాపీలు ఒకే ప్రోగ్రామ్‌లో లోడైతే ఎర్రర్ 15 అని ఆగిపోతుంది. కేఎమ్‌పీ డూప్లికేట్ లిబ్ ఓకే అనే వేరియబుల్‌ని ట్రూ చేస్తే ముందుకు పోతుంది. అలా చేస్తే ప్రోగ్రామ్ కూలవచ్చని, తప్పుడు ఫలితాలు రావచ్చని ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. తప్పుడు ఫలితాలు! అలాంటి అంకెలతో పరిశోధన పత్రం ఎలా రాస్తాం? డేటా ఫైళ్లు రాసే హెచ్‌డీఎఫ్5 లైబ్రరీలో హెడర్ వెర్షన్, లైబ్రరీ వెర్షన్ కలవకపోతే వచ్చే హెచ్చరికనూ ఇలాగే ఒక వేరియబుల్‌తో ఆపేస్తుంటారు. ఆ హెచ్చరికలు మీ డేటాని కాపాడటానికి పెట్టినవి. ఏ ప్యాకేజీ ఆ రెండో కాపీని తెచ్చిందో వెతకండి. పిప్ ప్యాకేజీలనూ కొండా ప్యాకేజీలనూ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో విచ్చలవిడిగా కలిపినచోట ఇది ఎక్కువగా జరుగుతుంది.

జీపీయూ గురించి ఒక్క మాట. ఎన్‌విడియా ఎస్‌ఎమ్‌ఐ కమాండ్ కొడితే పైన క్యూడా (CUDA, ఎన్‌విడియా జీపీయూల మీద లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ ఒకటి కనబడుతుంది. అది మీ మెషీన్‌లో ఇన్‌స్టాల్ అయిన క్యూడా అని చాలామంది అనుకుంటారు. అది మీ డ్రైవర్ భరించగల గరిష్ఠ వెర్షన్ మాత్రమే. టూల్‌కిట్ వెర్షన్ చెప్పేది ఎన్‌వీసీసీ. పైటార్చ్ వీల్స్ అయితే తమకు కావాల్సిన క్యూడా లైబ్రరీలను సాధారణంగా తామే తెచ్చుకుంటాయి, వాటికి డ్రైవర్ చాలు. పైటార్చ్‌కి జీపీయూ కనబడకపోతే, టార్చ్ వెర్షన్ కింద క్యూడా విలువ అడిగి చూడండి. నన్ అని వస్తే మీరు పెట్టింది సీపీయూ వెర్షన్. డ్రైవర్‌ని కదపాల్సిన పనే లేదు.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: ఉబుంటులో పిప్ వాడితే, ఈ ఎన్విరాన్‌మెంట్‌ని బయటివాళ్లు నిర్వహిస్తున్నారని అడ్డుపడుతోంది. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ వాడొచ్చా అండీ?

ఆ ఆప్షన్ పేరులోనే జవాబు ఉందమ్మా. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కొన్ని పనిముట్లు ఆ పైథాన్ మీదే నడుస్తాయి. దాని ప్యాకేజీలను మారిస్తే అవి దెబ్బతినొచ్చు. అందుకే 2023 నుంచి డెబియన్ 12, ఉబుంటు 23.04 లాంటివి ఈ అడ్డు పెట్టాయి. మీ ప్రాజెక్ట్‌కి వెన్వ్‌తో సొంత ఎన్విరాన్‌మెంట్ కట్టుకోండి, అది పైథాన్ 3.3 నుంచీ పైథాన్‌లో భాగమే, ఉబుంటులో మాత్రం పైథాన్3 వెన్వ్ అనే వేరే ప్యాకేజీగా పెట్టుకోవాలి. సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, పిప్ నడపడం కూడా మానేయండి.

ప్రశ్న: మా క్లస్టర్‌లో నాకు అడ్మిన్ హక్కులు లేవు. ల్యాప్‌టాప్‌లో ఎక్కినవి అక్కడ ఎక్కడం లేదు.

అడ్మిన్ హక్కులు లేకుండానే చాలా పని జరుగుతుంది. క్లస్టర్‌లో సాఫ్ట్‌వేర్‌ని ఎక్కించే, దించే కమాండ్ పేరు మాడ్యూల్. ముందు మాడ్యూల్ లిస్ట్ కొట్టి ఏవేవి లోడై ఉన్నాయో చూడండి. మాడ్యూల్ పర్జ్‌తో అన్నీ దించేసి, కావాల్సిన కంపైలర్, దానితో కట్టిన ఎమ్‌పీఐ, ఈ వరుసలో ఎక్కించండి. మీరు లాగిన్ అయ్యే నోడ్ ప్రాసెసర్, లెక్కలు నడిచే కంప్యూట్ నోడ్ ప్రాసెసర్ వేర్వేరు అయ్యే అవకాశం ఉంది. ఈ మెషీన్‌కే తగ్గట్టు కట్టమనే నేటివ్ ఫ్లాగ్‌తో లాగిన్ నోడ్‌లో కడితే, కంప్యూట్ నోడ్‌లో “ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్” అని కూలుతుంది. కంప్యూట్ నోడ్ మీదే కట్టండి. ఒక్క లైబ్రరీ కోసం ఇరవై లైబ్రరీలు కట్టాల్సి వస్తే స్పాక్ అనే ప్యాకేజీ మేనేజర్ వాడండి. అది లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో సరిగ్గా ఇలాంటి మెషీన్ల కోసమే పుట్టింది, మీ హోమ్ డైరెక్టరీలోనే నడుస్తుంది.

ప్రశ్న: సహాయం అడిగితే ఎవరూ సరిగ్గా జవాబు ఇవ్వడం లేదు.

ఏం పంపుతున్నారు? స్క్రీన్‌షాట్ పంపకండి, అందులో చివరి ఇరవై లైన్లే ఉంటాయి, వెతకడానికి కూడా వీలు కాదు. మీరు కొట్టిన కమాండ్, పూర్తి లాగ్ ఫైలు, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసర్, పైథాన్ వెర్షన్, ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్యాకేజీల జాబితా పంపండి. అప్పటికే ఏమేం ప్రయత్నించారో దాచకుండా రాయండి. దానివల్ల మీకేమీ చిన్నతనం లేదు. అవతలివాళ్లకు ఆ వరుసే ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: ఇంత వెతకడం కంటే మొత్తం తీసేసి మళ్లీ పెట్టుకోవడం సులభం కాదా సార్?

ఎన్విరాన్‌మెంట్‌ని తీసేసి మళ్లీ కట్టడం మంచి పనే, చాలాసార్లు అదే సరైన పని. ఆపరేటింగ్ సిస్టమ్ దాకా పోవాల్సిన అవసరం మాత్రం దాదాపు రాదు. అయితే తీసేసేముందు ఉన్నదాని జాబితా రాయించుకోండి. పిప్ అయితే ఫ్రీజ్, కొండా అయితే ఎక్స్‌పోర్ట్. కొత్తదాన్ని వేరే పేరుతో పక్కన కట్టండి, పాతదాన్ని అప్పుడే చెరపకండి. జవాబు ముందే తెలిసిన ఒక చిన్న లెక్కను రెండింటిలోనూ నడిపి పోల్చండి. బ్లాస్ మారితే కూడికలు జరిగే వరుస మారుతుంది, దాంతో ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల్లో చివరి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, అది సహజం. మూడో అంకెలోనో, నాలుగో అంకెలోనో తేడా వచ్చిందంటే పాతదాన్ని ఉంచండి, రెండింటి జాబితాలనూ పక్కపక్కన పెట్టి ఏ వెర్షన్ మారిందో చూసి, ఒక్కో ప్యాకేజీని మార్చుకుంటూ మళ్లీ నడపండి.